భోగిమంటలో కుర్చీ, కొబ్బరి చిప్ప, కార్బన్ పోగు

మొన్నామధ్య ఒక సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మా మావయ్య వాళ్ళ ఊరెళ్ళాను. భోగి తెల్లవారుజామున మంట వేస్తుంటే పిల్లలు విరిగిపోయిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి అందులో పడేశారు. మావయ్య అరిచేలోపే అది చుక్కలు చుక్కలుగా కారిపోయి, నల్లటి పొగ వదిలి, మాయమైపోయింది. పొద్దెక్కాక బూడిద కదిపితే దుంగల బొగ్గులు, కొబ్బరి చిప్పల బొగ్గులు గణగణలాడుతూ బయటపడ్డాయి. కుర్చీ ఆనవాలు మాత్రం లేదు.

అప్పుడు మావయ్య అడిగాడు. "ఏరా, కార్బన్‌తో కార్లు, ఇమానాలు చేస్తారంటారు గదా, ఆ కార్బనూ మన కుంపట్లో బొగ్గూ ఒకటేనేటి?"

ఒకటే మావయ్యా అన్నాను. "మరి ఆ కుర్చీలో కార్బన్ లేదా?"

ఉంది. చిప్పలో కంటే ఎక్కువే ఉంది. పాలిథిన్ అయినా, కుర్చీలు చేసే పాలీప్రొపిలీన్ అయినా బరువులో 86 శాతం దాకా కార్బనే. చిప్పలో అందులో సగానికి కాస్త ఎక్కువ ఉంటుందేమో. కానీ నిప్పులో పడ్డాక చిప్ప బొగ్గవుతుంది, ప్లాస్టిక్ గాల్లో కలిసిపోతుంది. ఎందుకని? ఆ పూట సరైన సమాధానం చెప్పలేకపోయాను (సాఫ్ట్‌వేరోడికి ఇంతకంటే ఏం తెలుస్తుంది అన్నట్టు చూశాడు). హైదరాబాద్ వచ్చాక కూర్చుని చదివితే, కార్బన్ పోగుల చరిత్ర మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందని అర్థమైంది. ఈ టపా మావయ్యకి బాకీ పడ్డ సమాధానం.

మొదలు ఎడిసన్‌తోనే పెట్టాలి. 1879లో ఆయన బల్బులో వెలిగించింది మసి చేసిన నూలు దారం. ఆ మరుసటేడు అది వదిలేసి జపాన్ వెదురు పట్టుకున్నాడు. అంటే ప్రపంచంలో మొదటి కార్బన్ పోగులు బలం కోసం పుట్టినవి కావు, వెలుగు కోసం పుట్టాయి. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ కూడా అదే పనిలో ఉన్నాడు. ఆయనకి ఫిలమెంటు అంతటా ఒకే మందంలో కావాలి. దానికోసం నైట్రోసెల్యులోజుని ద్రావకంలో కరిగించి, సన్నటి రంధ్రంలోంచి సేమ్యా వత్తినట్టు వత్తి పోగు తీశాడు. కృత్రిమ పట్టు కథకి అదొక ఆరంభం. బల్బు కోసం తీసిన పోగు బట్టల పరిశ్రమకి దారి చూపించింది. ఓ డెబ్భై ఏళ్ళ తర్వాత బట్టల కోసం తీసిన రేయాన్ పోగు మళ్ళీ కార్బన్ దగ్గరికి తిరిగొచ్చింది. టంగ్‌స్టన్ ఫిలమెంటు వచ్చాక మధ్యలో ఈ సంగతి అందరూ మర్చిపోయారు.

1958లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం పార్మాలో, యూనియన్ కార్బైడ్ వాళ్ళ పరిశోధనశాలలో రోజర్ బేకన్ అనే కుర్ర భౌతిక శాస్త్రవేత్త ఇంకేదో కొలుస్తున్నాడు. విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో కార్బన్ ఎలా ఉంటుందో చూస్తుంటే అడుగున వెంట్రుకల కంటే సన్నటి పుల్లలు పేరుకున్నాయి. లాగి చూస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు బలం. అప్పుడు ఆయన వేసుకున్న లెక్క ప్రకారం దాని ఖరీదు పౌనుకి కోటి డాలర్లు! ఆ అంకె గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్ళీ కావాలి.

ఆ పైన యూనియన్ కార్బైడ్ రేయాన్‌ని కాల్చడం మొదలెట్టింది. రేయాన్ అంటే చెక్కగుజ్జే కాబట్టి చిప్ప లాగే కరక్కుండా బొగ్గవుతుంది. కానీ నూటికి పాతిక వంతులు మిగిలితే గొప్ప. పైగా బలం రావాలంటే 2000 డిగ్రీలు దాటిన వేడిలో లాగి సాగదియ్యాలి. ఆ ఖర్చు రాకెట్లకి చెల్లుతుంది గానీ కార్లకి చెల్లదు.

అసలు మలుపు ఒసాకాలో తిరిగింది. అకియో షిండో అనే ప్రభుత్వ పరిశోధకుడు అమెరికా వాళ్ళ రేయాన్ సంగతి పేపర్లో చదివి, దొరికిన పోగులన్నీ కాల్చి చూశాడు. వాటిల్లో పాలీయాక్రిలోనైట్రైల్ పనిచేసింది. పేరు చూసి భయపడకండి. చలికాలంలో మన ఊళ్ళ రోడ్ల పక్కన గుట్టలు పోసి 'ఊలు' అని అమ్మే చవక స్వెట్టర్లు చాలామటుకు ఈ యాక్రిలిక్ జాతివే. 1961లో షిండో దీన్ని ప్రచురించాడు. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో విలియం వాట్ బృందం దీన్నే ఇంకో మెట్టు పైకెక్కించింది. పోగుని వేడి చేస్తున్నప్పుడు ముడుచుకుపోనివ్వకుండా బిగించి పట్టుకుంటే లోపలి కార్బన్ వరసలు పోగు పొడుగునా తిన్నగా అమరుతాయని, అప్పుడే అసలు గట్టిదనం వస్తుందని పట్టుకున్నారు. ఇది 1964 నాటి మాట.

యాక్రిలిక్‌లో ఉన్న మహత్యమేమిటి? ఇక్కడే మావయ్య ప్రశ్నకి సగం సమాధానం ఉంది. యాక్రిలిక్ గొలుసు పొడుగునా కార్బన్-నైట్రోజన్ కొక్కేలుంటాయి. గాల్లో 200 నుంచి 300 డిగ్రీల దగ్గర నెమ్మదిగా వేడి చేస్తే పక్కపక్క కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుని నిచ్చెన మెట్లలా తయారవుతాయి. తెల్ల పోగు పసుపవుతుంది, గోధుమ రంగవుతుంది, చివరికి నల్లబడుతుంది. వేరుశనగపప్పు దోరగా వేయించినట్టన్నమాట. ఒకసారి నిచ్చెన కట్టుకున్నాక అది ఇక కరగదు. ఆ తర్వాత గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల పైన కాల్చితే సగం బరువు పోయి మిగిలిన సగం కార్బన్ పోగు అవుతుంది. పాలిథిన్‌కి ఈ కొక్కేలు లేవు. నున్నటి గొలుసు. 130 డిగ్రీలకే కరిగిపోతుంది, ఇంకా వేడి చేస్తే ముక్కలు ముక్కలై ఆవిరవుతుంది. కుర్చీకి జరిగింది కూడా అదే.

వేయించే పని తొందరపడితే అవ్వదు. యాక్రిలిక్ తనే వేడి పుట్టిస్తుంది, మంట పెంచితే అంటుకుంటుంది. అందుకే ఆ పొయ్యిల్లో పోగు గంటా గంటన్నర నడుస్తుంది. ఫ్యాక్టరీలో స్థలం, కరెంటు, సమయం ఎక్కువ తినేది ఈ వేయింపే. పోగు ఖరీదులో మరో సగం దాకా యాక్రిలిక్ ముడిపోగుదే.

బ్రిటన్ వాళ్ళు దీన్నెలా పోగొట్టుకున్నారో ఒక ముక్క చెప్పకుండా ఉండలేను. రోల్స్‌రాయిస్ తన ఆర్‌బీ211 విమానం ఇంజనుకి కార్బన్ పోగుల ఫ్యాన్ రెక్కలు పెట్టింది. బరువు భలే తగ్గింది. ఆకాశంలో పక్షి తగిలితే తట్టుకుంటుందా అని చూడటానికి చచ్చిన కోడిని ఫిరంగితో పేల్చి కొట్టి చూశారు. రెక్కలు ముక్కలైపోయాయి! మళ్ళీ టైటానియానికి మారారు. ఆ ఇంజను మీద పెట్టిన ఖర్చంతా నెత్తినపడి 1971 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా తీసింది. భీమవరం కోడి ఎన్ని లక్షల పందేలు కూల్చిందో గానీ, రోల్స్‌రాయిస్ పతనంలో వాటా ఉన్న కోడి మాత్రం ఇదొక్కటే :)

జపాన్ వాళ్ళు అలా విమానాల దగ్గర మొదలెట్టలేదు. టోరే కంపెనీ 1971లో టీ300 పోగు తెచ్చింది. 1972లో దాన్ని పెద్దగా వాడింది ఎందులో అనుకుంటున్నారు? గాలం కర్రల్లో. అక్కడ ఏటిలో పట్టే 'ఆయు' అనే చేప మీద వాళ్ళకి మన గోదావరోళ్ళకి పులస మీద ఉన్నంత పిచ్చి. దానికి చాలా పొడుగు కర్ర కావాలి, పొద్దస్తమానం చేత్తో పట్టుకోవాలి. ఆపైన గోల్ఫ్ కర్రలు, టెన్నిస్ బ్యాట్లు. విఫలమైతే ఒక చేప తప్పించుకుంటుంది, అంతే. అలా చేయి తిప్పుకుని, ఆ తర్వాత విమానాల కెక్కారు. 2011లో ప్రయాణికులతో ఎగిరిన బోయింగ్ 787 బరువులో సగం ఇలాంటి మిశ్రమ పదార్థమే. కొత్త టెక్నాలజీని ఎక్కడ మొదలెట్టాలి అనే విషయంలో ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు.

సరే, ఇక చవక ప్లాస్టిక్కుల సంగతి. ఇది కొత్త ఆలోచన అనుకున్నాను నేను. కాదు. షిండో తర్వాత రెండేళ్ళకే, 1963లో, జపాన్‌లోనే గున్మా విశ్వవిద్యాలయంలో సుగియో ఒటాని పీవీసీ తీసుకున్నాడు. అదే, మన చేపల చెరువులకి నీళ్ళు తోడే పైపుల పీవీసీ. దాన్ని గాలి లేకుండా వేడి చేస్తే తారు లాంటి నల్లటి జిగురు మిగిలింది. ఆ జిగురు కరిగించి పోగు తీసి, వేయించి, కాల్చాడు. కార్బన్ పోగు వచ్చింది! అయితే పరిశ్రమ దాకా వెళ్ళేసరికి పీవీసీ పక్కకి పోయింది. జిగురే కావాల్సొస్తే పెట్రోలియం శుద్ధిలో మిగిలే తారు ఇంకా చవక కదా. 1970లో కురేహా కంపెనీ ఆ దారిలో ఉత్పత్తి మొదలెట్టింది. ప్లాస్టిక్ దారి చూపించి తప్పుకుంది.

1960ల చివర్లో జపాన్‌లోనే ఇంకో కంపెనీ లిగ్నిన్ నుంచి పోగు తీసి కొన్నాళ్ళు అమ్మింది కూడా. లిగ్నిన్ అంటే చెట్టుకి గట్టిదనం ఇచ్చేది. మన కొబ్బరిపీచులో అది 40 శాతం పైనే ఉంటుంది. రాజమండ్రి పేపరు మిల్లు లాంటి చోట్ల చెక్క ఉడకబెట్టాక మిగిలే నల్ల ద్రావణం నిండా అదే. దాన్ని బాయిలర్లో మండిస్తారు. కోనసీమ పీచు మీద కార్బన్ పోగు కథ రాద్దామని నాకూ ఉబలాటం పుట్టింది గానీ, లిగ్నిన్ పోగులు బలంలో తేలిపోయాయి, ఆ వ్యాపారం కొన్నేళ్ళకే ఆగిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కదా.

పాలిథిన్ కరగకుండా ఆపడానికి ఉపాయం 1970ల్లో దొరికింది. 1978 నాటికి సుమిటోమో కెమికల్ వాళ్ళు దాన్ని పేటెంట్‌గా రాసుకున్నారు. ఉపాయం ఏమిటంటే ఊరబెట్టడం. పాలిథిన్ పోగుని వేడి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఆవకాయ ముక్కలా ఊరేస్తే యాసిడ్ లోపలికి దిగి నున్నటి గొలుసుకి గంధకపు కొక్కేలు తగిలిస్తుంది. తర్వాత వేడి చేస్తే ఆ గంధకం సల్ఫర్ డయాక్సైడ్‌గా వెళ్ళిపోతూ పోతూ గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసి పోతుంది. ఇక అది కరగదు. సరిగ్గా చేస్తే పాలిథిన్ బరువులో 70 శాతం దరిదాపుల్లో కార్బన్‌గా మిగులుతుంది. యాక్రిలిక్‌లో సగమే కదా. ముడిసరుకు చూస్తే కొట్లో సంచుల ధర. కాగితం మీద ఇంతకంటే మంచి బేరం లేదు.

మరి నలభై ఏళ్ళ పైబడి ఎందుకు పట్టాలెక్కలేదు? ఊరడానికి టైమ్ పడుతుంది. పోగు లావుగా ఉంటే యాసిడ్ పైపొరలోకే దిగుతుంది. నడిమధ్యలో పచ్చి పాలిథిన్ అలాగే ఉండి, కాల్చినప్పుడు ఆవిరైపోయి, పోగు కాస్తా గొట్టం అవుతుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో అమిత్ నస్కర్ బృందం 2012లో ఈ లోపాన్నే గుణంగా మార్చుకుంది. యాసిడ్ ఎంత లోపలికి దిగాలో లెక్కగా ఆపి, బోలు పోగులు, పళ్ళచక్రం ఆకారపు పోగులు కావాలని తీసి చూపించారు. వడపోతకి, బ్యాటరీలకి పనికొస్తాయన్నారు. చూడముచ్చటైన పని. కానీ కారుకి కావాల్సింది బోలు కాదు, బలం.

అమెరికా ఇంధన శాఖ కార్ల కోసం పెట్టుకున్న గురి ఇది: బలం సుమారు 1.7 గిగాపాస్కళ్ళు, గట్టిదనం సుమారు 172 గిగాపాస్కళ్ళు, ధర పౌనుకి 5 నుంచి 7 డాలర్లు. టీ300 బలం 3.5 దాకా ఉంటుంది కాబట్టి అందులో సగం చాలన్నమాట. ప్రయోగశాలల్లో పాలిథిన్ పోగులు ఆ బలం చుట్టుపక్కలకి వచ్చాయి. ధర దగ్గరే చిక్కు. యాసిడ్ కొనాలి, పోగుని కడగాలి, వెలువడే గంధకపు వాయువు గాల్లోకి వదలకుండా పట్టి మళ్ళీ యాసిడ్ చేయాలి, ఇవన్నీ యాసిడ్ తినని యంత్రాల్లో జరగాలి. సంచి చవకే, ఊరగాయ జాడీ ఖరీదు! మా వృత్తిలో ఉచిత సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని దాన్ని నడిపే మనుషులకి జీతాలిచ్చేటప్పుడు ఏడ్చే కంపెనీలు గుర్తొచ్చాయి నాకు.

ఓక్ రిడ్జ్ వాళ్ళే 2016లో ఇంకో దారి ప్రకటించారు. ప్రత్యేకమైన ముడిపోగు వదిలేసి, మామూలు బట్టల రకం యాక్రిలిక్‌నే లావుపాటి తాళ్ళుగా పొయ్యిలోకి పంపితే ఖర్చు సగం దాకా తగ్గుతుందని. అంటే స్వెట్టర్ల సరుకు. సైకిల్ వీరుడు గ్రెగ్ లెమాండ్ పెట్టిన కంపెనీ ఆ ఏడే దానికి లైసెన్సు తీసుకుంది. పీవీసీ వచ్చింది, పాలిథిన్ వచ్చింది, చివరికి చవకదనం కోసం మళ్ళీ షిండో యాక్రిలిక్ దగ్గరికే చేరారు. నా మటుకు నాకు ఈ చరిత్ర చెప్పేది ఇదే: అందరూ ముడిసరుకు ధర మీద పోరాడారు, గెలుపోటములు మాత్రం పొయ్యి దగ్గర తేలాయి.

మన దగ్గరికొద్దాం. కార్బన్ పోగులు, వాటిని కాల్చే యంత్రాలు క్షిపణులకి పనికొస్తాయని 1987లో ఏడు దేశాలు క్షిపణి టెక్నాలజీ ఆంక్షల కట్టుబాటు పెట్టుకున్నాయి. మనం అందులో చేరింది 2016లో. ఈ మధ్యలో హైదరాబాద్ డీఆర్‌డీఎల్ వాళ్ళు కావాల్సింది చాలావరకు తామే చేసుకోవాల్సొచ్చింది. 1989 మే 22న ఎగిరిన అగ్ని ముక్కుకి కార్బన్‌లో కార్బన్ పోగులు కలిపి నేసిన కవచం ఉంది. తిరిగి గాలిలోకి దిగేటప్పుడు బయట వేల డిగ్రీల వేడి.

ఆ తర్వాతి సంగతి కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. నిమ్స్ ఆస్పత్రి నుంచి ఒక ఎముకల డాక్టరు ఆయన ల్యాబుకి వచ్చి ఆ పదార్థం చేత్తో ఎత్తి చూశాడు. ఇంత తేలికేమిటి అని ఆశ్చర్యపోయి, కలాం గారిని తన వార్డుకి తీసుకెళ్ళాడు. అక్కడ పిల్లలు 3 కిలోల పైబడ్డ ఇనప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు పరిగెడుతుంటే తల్లిదండ్రుల కళ్ళమ్మట నీళ్ళొచ్చాయని ఆయన చెప్పేవారు.

ఇది చదివినప్పుడల్లా నాకు బళ్ళో నా పక్క బెంచీలో కూర్చున్న పోలియో కుర్రాడు గుర్తొస్తాడు. వాడి ఇనప కాలిపరు చప్పుడు కారిడార్ చివర నుంచే వినబడేది. వానాకాలం చేలగట్టు మీద బురదలో దిగబడిపోతే ఇద్దరం కలిసి లాగేవాళ్ళం. తేలిక కాలిపరు వచ్చాక కూడా చాలా ఏళ్ళు వాడు ఆ ఇనపదే ఈడ్చాడు. పదార్థం ఖరీదని కాదు. 300 గ్రాముల వస్తువులో పోగు ధర ఎంతుంటుంది? కొలతలు తీసి పోతపోసే మనిషి మా తాలూకాలో లేడు, అంతే. అందుకే "చవక కార్బన్ పోగు వస్తే పేదవాడికి మేలు" అని ఎవరైనా అంటే నేను వెంటనే తలూపలేను. చవకదనం కావాల్సింది టన్నుల లెక్కన వాడే చోట: గాలిమరల రెక్కలు, కార్లు, గ్యాస్ సిలిండర్లు, పగుళ్ళిచ్చిన పాత వంతెనల స్తంభాలకి కట్టే పట్టీలు. కాలిపరుకి కావాల్సింది ఒక పనివాడు.

దేశంలో పోగు తయారీ విషయానికొస్తే, బెంగుళూరు ఎన్‌ఏఎల్ టెక్నాలజీతో 2010లో వడోదరలో కెమ్‌రాక్ అనే కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. తర్వాత అప్పుల్లో కూరుకుపోయింది. 2017లో దాని ఆస్తుల్ని రిలయన్స్ కొనుక్కుంది. 2022లో అదే రిలయన్స్ గుజరాత్‌లోని హజీరాలో ఏడాదికి 20,000 టన్నుల కార్బన్ పోగు ఫ్యాక్టరీ కడతామని ప్రకటించింది. అదీ యాక్రిలిక్ దారే.

ఈ యాక్రిలిక్‌కి మూలమైన యాక్రిలోనైట్రైల్ దేంతో చేస్తారో చూస్తుంటే ఒకచోట ఆగిపోయాను. ప్రొపిలీన్, అమ్మోనియా. అమ్మోనియా అంటే సహజవాయువు. 1992లో మొదలైన కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీ మన గోదావరి గ్యాస్‌తో అమ్మోనియా చేసి యూరియాగా మార్చింది. 2009 నుంచి గాడిమొగ దగ్గర ఒడ్డుకి చేరిన సముద్రపు గ్యాస్ సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో గుజరాత్ దాకా వెళ్ళింది. రెండో ముడిసరుకు ప్రొపిలీన్ మాత్రం మన గ్యాస్‌లో దొరకదు, అది ఎక్కువ భాగం మీథేనే. దానికి పెద్ద రిఫైనరీలు కావాలి, అవి గుజరాత్‌లో ఉన్నాయి. మన గ్యాస్ పట్టుకుపోయారని మావయ్య లాంటివాళ్ళు ఇప్పటికీ మండిపడతారు. ఆ మంటలో న్యాయం లేకపోలేదు. కానీ ఈ ఒక్క విషయంలో, గ్యాస్ ఇక్కడే ఉండిపోయినా కోనసీమలో కార్బన్ పోగు ఫ్యాక్టరీ వచ్చేది కాదు.

పోయిన నెల ఫోన్లో ఇదంతా మావయ్యకి చెప్పాను. కొక్కేలు, నిచ్చెనలు, ఊరబెట్టడం అన్నీ విన్నాడు. "అయితే మన చిప్పనే పోగు తియ్యొచ్చు గదరా, అది ఎలాగూ కరగదు గదా" అన్నాడు. భలే ప్రశ్న. కరగదు కాబట్టే తియ్యలేం. పోగు తియ్యాలంటే ముందు కరగాలి లేదా ద్రావకంలో కలవాలి, ఆ తర్వాత ఎప్పటికీ కరగకూడదు. చిప్పకి మొదటిది రాదు, పాలిథిన్‌కి రెండోది రాదు. పైగా చిప్పబొగ్గు నిండా కంటికి కనబడని చిల్లులు. పోగులో ఒక్క చిల్లున్నా అక్కడే తెగుతుంది.

"అయితే చిల్లుల బొగ్గుకి విలువ లేదంటావు" అన్నాడు కాస్త చిన్నబుచ్చుకుని.

ఆ చిల్లులకే విలువ అని చెప్పాను. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల నుంచి సిపాయిల్ని కాపాడిన ముసుగుల్లో ఉన్నది కొబ్బరి చిప్ప బొగ్గే. చిప్పలు చాలక 1918లో అమెరికాలో పిల్లల చేత పీచ్ పండ్ల టెంకలు ఏరించారు. ఇవాళ నీళ్ళ ఫిల్టర్లలోనూ, బంగారం గనుల్లోనూ వాడే బొగ్గుకి చిప్ప మేలురకం ముడిసరుకు.

కాసేపు అవతల మాట లేదు. తర్వాత, "చిప్పలు కొనుక్కుపోయే ఆ సేటు కిలోకి ఎంతిస్తున్నాడో రేపు మళ్ళీ అడుగుతానుండు" అని ఫోన్ పెట్టేశాడు.